వెన్నపండు వేడా, చలవా?

అవకాడో గురించి ఎవరైనా నాకు పాఠం చెప్పబోతే ఒళ్లు మండుతుంది. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టెలో ఆ పండ్లు తెస్తుంది. కాల్చిన రొట్టె మీద గుజ్జు పూసుకుని తింటూ, "మమ్మీ, ఇట్స్ గుడ్ ఫ్యాట్. ఆప్ భీ రోజ్ ఖాయా కరో" అంటుంది, నన్నూ రోజూ తినమని. అందులో పీచు ఉందట, పొటాషియం ఉందట, ఫోలేట్ ఉందట, గుండెకు మంచిదట. ఫోన్‌లో చూసి ఒక్కొక్కటే చదువుతుంది. నేను గిన్నెలు సర్దుకుంటూ ఊరుకుంటాను. నువ్వు పొత్తిళ్లలో ఉన్నప్పుడు ఈ పండు కోసమే మీ అమ్మమ్మా నేనూ కొట్టుకున్నంత పని చేశామే అని నోటిదాకా వస్తుంది. కానీ ఆ ఒక్క మాటతో ఆగదు కదా. తనకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. రాస్తున్న ఈ కాగితాలు ఎవరైనా తనకి చదివి వినిపించాలి.

తొంభైల నడిమి సంగతి. మా ఆయన సైన్యంలో హవల్దారు, ఆఫీసు పని. ఢిల్లీ కంటోన్మెంటులో మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. తొలి కాన్పుకి నేను పుట్టింటికి వెళ్లాలి. మాది హిందూపురం దగ్గర, కన్నడ దేశానికి ఆనుకుని ఉండే ఊరు. కానీ ఏడో నెలలో నాకు బీపీ వచ్చింది. రైలెక్కడానికి వీల్లేదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పారు. నేను పుట్టింటికి వెళ్లలేకపోయాను కాబట్టి పుట్టిల్లే ఢిల్లీకి వచ్చింది. మా అమ్మ ఒక ఇనప ట్రంకుతో రైలు దిగింది.

ఆ ట్రంకులో చీరలు రెండో మూడో ఉంటే గొప్ప. మిగతాదంతా పథ్యం సరుకే. పాత బియ్యం, ఎండు వెల్లుల్లి, శొంఠి, మిరియాలు, పసుపు కొమ్ములు, ఎండబెట్టిన వంకాయ వొరుగులు, గుడ్డలో కట్టిన సాంబ్రాణి. మా ఆయన దాన్ని స్టేషన్ నుంచి మోసుకొచ్చి, మెట్లెక్కించి, "ఏందత్తా, బండరాళ్లు పెట్టినావా?" అని నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. అందులో ఏముందో నాకు తెలిసీ నవ్వాను.

ఆగస్టులో పాప పుట్టింది. ఢిల్లీ ఆగస్టు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాన పడీ పడనట్టుంటుంది, ఒంటికి చీర అతుక్కుపోతుంది. అంత ఉక్కలో అమ్మ మొదట చేసిన పని కూలర్ ఆపేయడం. బాలింతరాలికి గాలి తగలకూడదట. తర్వాత నా చెవుల్లో దూది పెట్టి, తల చుట్టూ గుడ్డ బిగించి కట్టింది. పొద్దునా సాయంత్రం నిప్పుల మీద సాంబ్రాణి వేసి గదంతా పొగ పట్టించేది. నాకు పసితనం నుంచీ ఉబ్బసం. ఆ పొగకి దగ్గు వస్తే అమ్మ చేతిలో పని ఆపేసి, నా మొహం కాదు, నా రొమ్ము వైపు చూస్తూ నిలబడిపోయేది. లోపల పిల్లికూతలు వస్తున్నాయా అని చెవి పెట్టి వినేది. మరి ఆ పొగ ఎందుకు వేస్తున్నావమ్మా అంటే, "గమ్మునుండు, నీకు తెల్దు" అనేది.

ఇక తిండి. మిరియాల చారు, వెల్లుల్లి కారం, వంకాయ వొరుగులు, నెయ్యి ఒక చెంచా. ఇంతే. పొద్దున అదే, రాత్రి అదే. పెరుగు చలవ, కూడదు. పప్పు వాతం, కూడదు. ఆకుకూర తింటే బిడ్డకి విరేచనాలట. గుడ్డు అరగదు. పండు పేరే ఎత్తకూడదు, పండంటేనే జలుబు. నీళ్లు కూడా కాచినవే, అవి కూడా గొంతు తడుపుకోవడానికి తప్ప తాగడానికి కాదు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వేలాడుతుందట. నా దాహాన్ని, నా పొట్ట అందాన్ని తూకం వేసి ఎవరు ఈ తీర్పు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే నా కోపం సగమే అర్థమవుతుంది. నేను హోమ్ సైన్స్‌లో బి.ఎస్సీ. చదివాను. ఫస్టు క్లాసు. పాలిచ్చే తల్లికి మామూలు ఆడమనిషి కంటే ఎక్కువ తిండి కావాలని, మాంసకృత్తులు ఇంత, సున్నం ఇంత, ఇనుము ఇంత అని పరీక్షలో రంగు పెన్సిళ్లతో పట్టిక గీసినదాన్ని. ఆ పట్టికని మా మేడమ్ మెచ్చుకుని గోడకి అంటించింది కూడా. అలాంటిదాన్ని మంచం మీద కూర్చుని, తలకి గుడ్డ కట్టుకుని, నల్లగా నూరిన వెల్లుల్లి కారం కలిపిన పిడికెడు అన్నం ముందు పెట్టుకుని ఏడ్చాను. నా చదువు ఆ గది గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది.

నాకు ఆకలేసేది. ఈ మాట ఇన్నేళ్లలో ఎక్కడా చెప్పలేదు, సిగ్గనిపించి. బాలింతరాలి ఆకలి మామూలు ఆకలి కాదు. పాప రొమ్ము పట్టగానే నా లోపల్నుంచి ఎవరో పీకి లాగుతున్నట్టు ఉండేది. వంటింట్లో మా ఆయనకి పెసరపప్పు తాలింపు వేస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఫ్రిజ్‌లో పాలున్నాయి, పెరుగుంది, టమాటాలున్నాయి. అవన్నీ ఆయనకి. ఆయనకీ నాకూ మధ్యలో ఒక గోడ. ఆ గోడ అవతల నా ఇంట్లోనే నా తిండి నాకు అందకుండా ఉంది.

పాప కూడా ఆకలితోనే ఉందని నాకు నెమ్మదిగా తెలిసింది. కాసేపు చీకుతుంది, అలిసిపోయి నిద్రపోతుంది, వెంటనే లేచి గుక్కపట్టి ఏడుస్తుంది. అమ్మ దిష్టి తీసింది. వాము నీళ్లు నాలిక మీద రాసింది. ఆస్పత్రిలో తూకానికి తీసుకెళ్లిన రోజు, తూకం పళ్లెంలో పాపని పడుకోబెట్టి, అక్కడి డాక్టరమ్మ ముల్లు వైపు చూసి, మళ్లీ చీటీ వైపు చూసింది. పాప పుట్టినప్పటి బరువు కూడా ఇంకా అందుకోలేదు.

ఆ డాక్టరు పంజాబీ ఆవిడ, మేజరు. నన్ను కూర్చోబెట్టి ఏం తింటున్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"దాల్? దూధ్? ఫల్?" పప్పు, పాలు, పండ్లు తినవా అని.

"హమారే మే నహీ ఖాతే, మేడమ్." మాలో తినరని చెప్పాను.

"పఢీ లిఖీ హో నా తుమ్?" చదువుకున్నదానివే కదా నువ్వు అని.

అంతే. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నా వెనక అమ్మ నిలబడి ఉంది, పాప గుడ్డలు చేతిలో పట్టుకుని, హిందీ ముక్క అర్థం కాక, డాక్టరమ్మ వైపు వినయంగా నవ్వుతూ. తిట్లు నాకు. నవ్వు అమ్మది. కడుపు మాడేది నాదీ నా బిడ్డదీ. వచ్చే వారం మళ్లీ తీసుకురా, బరువు పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెడదాం అని ఆవిడ చెప్పింది. అది బెదిరింపు కాదు, ఆవిడ పని ఆవిడ చేసింది. కానీ డబ్బా మొదలైతే పాప రొమ్ము పట్టడం మానేస్తుంది, ఉన్న కాసిని పాలూ ఇగిరిపోతాయి అని మా పుస్తకంలోనే ఉంది. నా పాలు నిలబడడానికి నాకు ఒక్క వారం ఉంది.

ఇంటికొచ్చి అమ్మకి అంతా తెలుగులో చెప్పాను. అమ్మ చివరిదాకా వింది.

"ఆ డాక్టరమ్మకు పెండ్లయినాదా?" అంది.

"దానికీ దీనికీ ఏం సంబంధంమా?"

"బిడ్డలుండారా అని అడుగుతాండా. పుస్తకం చదివి చెప్పేది వేరే, కని చెప్పేది వేరే."

సాయంత్రం మా ఆయన వచ్చాక ఆయనకీ చెప్పాను. బూట్లు విప్పుతూ, "అత్త చెప్పేదాంట్లో గూడా ఏదో ఉంటాది లే" అన్నాడు. మధ్యాహ్నం యూనిట్ మెస్‌లో రాజ్మా అన్నం తినొచ్చిన మనిషి. ఆ రాత్రి ఆయనతో నేను మాట్లాడలేదు. ఆయన గమనించలేదు కూడా.

అప్పుడు ఆ పండు వచ్చింది. మా ఎదురు క్వార్టర్లో కర్ణాటకలోని కొడగు నుంచి వచ్చిన ఆవిడ ఉండేది. మంచి పొడగరి, పెద్ద గొంతు. నేను దీదీ అనేదాన్ని. వాళ్లాయన సెలవు మీద ఊరికి వెళ్లి, కాఫీ పొడి, మిరియాలు, పెరటి పండ్లు ఒక సంచీ నిండా తెచ్చాడు. దీదీ అందులోంచి రెండు కాగితంలో చుట్టి పట్టుకొచ్చింది. ముదురాకుపచ్చగా, గరుకు తోలుతో, మెడ సాగిన వంకాయ ఆకారంలో ఉన్నాయి. నా మంచం దగ్గరికి రాబోతే అమ్మ అడ్డంగా నిలబడింది. దీదీ నవ్వి, అమ్మకి కన్నడం వస్తుందని తెలిసి, కన్నడంలోనే చెప్పింది.

"ఇదు బెణ్ణె హణ్ణు, అమ్మా. బాణంతిగె తుంబా ఒళ్ళేదు."

వెన్నపండు. బాలింతరాలికి చాలా మంచిది. వాళ్లింట్లో పాలిచ్చే తల్లులకీ, అన్నం మొదలుపెట్టే పిల్లలకీ బెల్లంతో మెదిపి పెడతారట. అమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. నొక్కింది. వాసన చూసింది. వాసనేమీ లేదు. తిప్పి తిప్పి చూసింది.

"ఇది సలవా, వేడా?"

దీదీ వాళ్ల ఊళ్లో ఆ పండుని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు కాబోలు. "గొత్తిల్ల, అమ్మా. హణ్ణు అష్టే" అంది. తెలియదమ్మా, పండు అంతే. వేడో చలవో తెలియని పండు అమ్మ చేతిలో ఉండిపోయింది. పుల్లన కాదు, తియ్యన కాదు, నీరు లేదు. అమ్మ దగ్గరున్న వేడి, చలవ గదుల్లో ఏ గదిలోనూ అది ఇమడడం లేదు. చివరికి పేరు పట్టుకుంది. "వెన్న అంటాండారు గదా. వెన్న సలవే" అని తేల్చేసి, రెండు పండ్లనీ బీరువా పైన పెట్టేసింది. వెళ్తూ దీదీ నా వైపు తిరిగి, హిందీలో, "ఖా లేనా" అంది మెల్లగా, తినెయ్యమని.

మా పాఠ్యపుస్తకంలో పండ్ల పట్టిక ఒకటి ఉండేది. అందులో అవకాడో అనే పేరు, బ్రాకెట్లో బటర్ ఫ్రూట్ అని, కూడా ఉంది. దాని పక్కన కొవ్వు గడిలో ఉన్న అంకె చూసి, పండులో అంత కొవ్వేమిటి, అచ్చుతప్పయి ఉంటుందని క్లాసంతా అనుకున్నాం. మా మేడమ్ కూడా ఆ పండుని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ అచ్చుతప్పు మా బీరువా మీద కూర్చుని ఉంది. ఢిల్లీలో అప్పట్లో దాన్ని ఎంబసీల వంటవాళ్లు సరుకులు కొనే ఐ.ఎన్.ఏ. మార్కెట్లో తప్ప ఎక్కడా చూసే వీల్లేదు.

నేను వాదించాను. అమ్మా, దీంట్లో ఉండేది మంచి కొవ్వు, పాలిచ్చేదానికి బలం. పీచు ఉంది, నాకు మలబద్ధకం తగ్గుతుంది. ఆస్పత్రిలో నాకు ఇస్తున్న ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉంది కదా, ఆ మాత్రలో ఉండేది ఈ పండులో కూడా ఉంది.

"అట్లయితే మాత్ర మింగు. పండు యాల?"

గోడకి చెప్పుకున్నా గోడ ఎదురు మాట్లాడదు. నేను మంచం మీద పడుకుని బీరువా పైకి చూస్తూ ఉండేదాన్ని. ఆకుపచ్చ రంగు రోజు రోజుకీ నల్లబడుతోంది. లేచి ఒక స్టూలు వేసుకుంటే చెయ్యి అందుతుంది. నా ఇల్లు, నా బీరువా. అయినా లేవలేదు. ఇది తలుచుకుంటే అమ్మ మీద కంటే నా మీదే ఎక్కువ మండుతుంది. ఎవరూ నన్ను తాళ్లతో కట్టేయలేదు. తలకి చుట్టిన ఆ పాత గుడ్డ ఒక్కటే ఉంది, దాన్ని విప్పడానికి కూడా నా చెయ్యి లేవలేదు.

తూకానికి ఇంక రెండు రోజులున్నాయనగా, మధ్యాహ్నం పాప పక్కనే కునుకు తీశాను. వెల్లుల్లి వేగుతున్న వాసనకి మెలకువ వచ్చింది. బీరువా మీద పండ్లు లేవు. కాసేపటికి అమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఎన్నాళ్లకో ఆ మొహంలో ఆ వెలుగు చూశాను.

"రాత్రంతా ఆలోచన చేస్తిమే. వెన్న సలవ. నిజమే. అదే వెన్న కాస్తే నెయ్యి అయితాది. నెయ్యి వేడి. నెయ్యి నువ్వు తినొచ్చు. పండు గూడా కాస్తే సరిపోతాది గదా? అందుకే బాగా కాచినా. వెల్లుల్లి ఏసినా, మిరియాలు ఏసినా. ఇంగేం కాదు. తిను."

పండు గుజ్జుని బాణలిలో వేసి, అది కరిగి నెయ్యిలా తేలుతుందని సెగ మీద పెట్టి కలుపుతూ నిలబడిందన్నమాట. అది కరగలేదు. కరగకపోతే ఇంకా కాచింది. పళ్లెంలో అన్నం పక్కన బూడిద రంగు తిరిగిన ఆకుపచ్చ ముద్ద ఉంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చేదు. కాకరకాయ చేదు కాదు, వేప చేదు కాదు. నాలిక వెనక్కి పాకి గొంతులో కూర్చునే చేదు. ఆ పండుని సెగ తగిలేట్టు ఉడికిస్తే చేదెక్కుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒకటే, నాకు దొరికిన ఒక్క మంచి తిండినీ ఈమె విషం చేసి తెచ్చింది.

పళ్లెం విసిరికొట్టాను. గోడకి తగిలి మెతుకులు చెల్లాచెదురయ్యాయి. పాప ఉలిక్కిపడి లేచి కేరుమంది. నేను ఏమన్నానో అంతా గుర్తులేదు. కొంత గుర్తుంది. "నన్ను సంపేకి వచ్చినావా నువ్వు?" అన్నాను. "నా బిడ్డ ఎండిపోతాంది, నీకు కనపళ్లేదా? నీ సలవా నీ వేడీ తీసుకోని ఆ ట్రంకులో పెట్టుకోని పో" అన్నాను. కన్నతల్లిని అలా అన్నందుకు చెంపలేసుకోవాలని చదివేవాళ్లకి అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. ఆకలితో ఉన్నవాళ్ల మాటలు అవి.

అమ్మ వంగి, గోడ పక్కన పడిన ముద్ద కొంచెం తీసి నోట్లో వేసుకుంది. మొహం మాడ్చుకుంది. "అవు, చేదుగానే ఉండాది" అంది మెల్లగా. బాణలిలో మిగిలింది తెచ్చుకుని, పాడు చేయడం ఎందుకని, నేల మీద కూర్చుని అన్నంలో కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఆ అన్నం వైపు అప్పుడు చూశాను. వెల్లుల్లి కారం, పాత బియ్యం. నా పథ్యం అన్నమే.

"నువ్వేం తింటాండావుమా ఇన్ని దినాలూ?"

"నువ్వు తినేదే."

"పప్పు చేస్తాండావు కదా ఆయనకు?"

"అది అల్లునికి. బిడ్డ పథ్యం తింటాంటే తల్లి పప్పు తింటాదా ఎవుర్తయినా?"

అది వినగానే నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. నా కోపం ఇంకా పెరిగింది. ఫ్రిజ్ నిండా తిండి పెట్టుకుని ఒకే గదిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక పసిగుడ్డు, ముగ్గురమూ కడుపు మాడ్చుకుంటున్నాం. ఎవరి కోసం? ఎవరు చూస్తున్నారని? నా మూలంగా ఈమె, ఈమె మూలంగా నేను, మా ఇద్దరి మూలంగా ఆ పిల్ల.

తలకి కట్టిన గుడ్డ లాగి పారేశాను. చెవుల్లో దూది తీసేశాను. కూలర్ స్విచ్ వేస్తే అది గరగరమంటూ తిరిగింది. పురుడు తీరని బాలింతరాలు గడప దాటకూడదు. దాటాను. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి దీదీ తలుపు కొట్టాను. "దీదీ, వో ఫల్ ఔర్ హై క్యా?" అన్నాను, ఆ పండు ఇంకా ఉందా అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి మెత్తగా పండినది ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

మంచం మీద కూర్చుని, అమ్మ చూస్తుండగానే కత్తితో చుట్టూ కోసి రెండు చెక్కలు చేశాను. గింజ గుండ్రంగా, కోడిగుడ్డంత ఉంది. ఉప్పు చల్లుకున్నాను. నిమ్మకాయ పిండాను. నిమ్మకాయ కూడా కూడని వాటిలో ఒకటి, అందుకే బాగా పిండాను. చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పనే లేకపోయింది. గొప్ప రుచి అని చెప్పను. మీగడలో కొంచెం పచ్చి బఠానీ కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. కానీ అది గొంతు దిగి కడుపులోకి వెళ్లి అక్కడ కూర్చుంది. చాన్నాళ్ల తర్వాత నా కడుపులో ఒక తిండి కూర్చుంది. కోపంతోనే తిన్నాను. ఒక చెక్క పూర్తి చేశాను.

అమ్మ నా మొహం చూడడం లేదు. నా రొమ్ము చూస్తోంది. ఊపిరి లెక్కపెడుతున్నట్టు. "దగ్గొస్తాందా?" అంది. రావడం లేదన్నాను. కాసేపు ఆగి మళ్లీ అడిగింది. పాపని ఒళ్లోకి తీసుకుని రొమ్మిచ్చాను. పాప చీకుతుంటే అమ్మ దగ్గరికి జరిగి, పాప వీపు మీద చెవి ఆనించి వింది. అప్పుడు రెండో చెక్కని ఆమె ముందుకి తోశాను.

"తిను."

"నాకు యాల?"

"తినుమా. నువ్వు గూడా బాలింతరాలివే ఇప్పుడు."

తింది. మొదట చెంచా చివర కొంచెం. తర్వాత గబగబా. గుజ్జంతా అయిపోయాక తోలుని అరచేతిలో పరుచుకుని, అంటుకున్నది కూడా చెంచాతో గీకి గీకి తింది. తోలు పలచబడి చిరిగేదాకా గీకింది. మా అమ్మ అలా తినడం నేను ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో అందరికీ పెట్టి చివరన వంటింట్లో గోడ వైపు తిరిగి తినేది. అందుకే చూడలేదేమో. తోలు కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, గోడకి ఆనుకుని అంది:

"నువ్వు పుట్టినబుడు నాకు శానా ఆకలయ్యేదిమే. ఒక పొద్దు ఇంట్లో ఎవురూ ల్యాకుంటే పూజకు పెట్టిన అరటిపండు ఒకటి దొంగగా తింటి. ఆ రాత్రి నుంచే నీకు ఆయాసం మొదలాయ. మా అత్తకు తెలిసిపోయె, పండుతొక్క జూసి. నీ బిడ్డకు ఈ రోగం నువ్వే తగిలిస్తివి అనె. నువ్వు ఎగపోసుకున్నప్పుడంతా నాకు ఆ పండే అగుపడేది."

నాకు చిన్నప్పటి రాత్రులు గుర్తొచ్చాయి. నాకు ఊపిరాడక కూర్చుంటే వీపు రాస్తూ అమ్మ ఎందుకో తప్పు చేసినదానిలా ఏడ్చేది. భయపడి ఏడుస్తోందనుకునేదాన్ని. ఎండు వెల్లుల్లి, శొంఠి, పొగ, చెవుల్లో దూది, అన్నీ ఒక అరటిపండుకి జరిమానా. నా పెంపకమంతా ఆ జరిమానా కట్టుకుంటూనే గడిచింది. మా నాయనమ్మ అప్పటికే పోయింది. బతికుంటే ఆమెను ఆ క్వార్టరుకి పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, డజను అరటిపండ్లు అమ్మ చేత తినిపించేదాన్ని. కానీ ఆమెకి ఆ మాట నేర్పింది మరొక అత్త అయి ఉంటుంది. ఎవరిని పట్టుకుని దులపను?

ఆ సాయంత్రం నుంచి ఇద్దరం పప్పు తిన్నాం, పాలకూర తిన్నాం, పెరుగు తిన్నాం. మా ఆయన గుడ్లు తెచ్చాడు, నోరెత్తకుండా. పండు ఒక్కటే చేసిందని నేను అనను. ఒక పండు ఏ ఇంట్లోనూ అద్భుతాలు చేయదు. అది తలుపు తీసింది, మిగతా తిండి లోపలికి వచ్చింది. ముఖ్యంగా నీళ్లు. దాహం తీరేదాకా నీళ్లు తాగడం ఎంత సుఖమో ఆ రెండు రోజుల్లో తెలుసుకున్నాను.

తూకం రోజు ముల్లు కొంచెం కదిలింది. ఎక్కువేం కాదు, కొంచెం. డాక్టరమ్మ నవ్వి, డబ్బా వద్దు, ఇలాగే తిను అని చీటీ మీద ఏదో గీసింది. నేను పాపని ఎత్తుకుని లేవబోతుంటే అమ్మ వెనక నుంచి నా భుజం పట్టుకుంది.

"ఆయమ్మను ఒక మాట అడుగుమే."

"ఏందిమా?"

"అరటిపండు తింటే బిడ్డకు ఆయాసమొస్తాదా అని."

బయట వరండాలో జనం నిండి ఉన్నారు. డాక్టరమ్మ తర్వాతి చీటీ అందుకుంటోంది. నాకు వచ్చిన హిందీలో అడిగాను. ఎవరి గురించో, ఎప్పటి సంగతో చెప్పలేదు. ఆవిడ మొదట విసుగ్గా నా వైపు చూసి, తర్వాత నా వెనకున్న అమ్మ మొహం చూసి, చీటీ పక్కన పెట్టింది. ఇదివరకు నన్ను తిట్టిన గొంతు కాదు అది.

"నహీ, మాజీ. కేలే సే నహీ హోతా."

నేను తిరిగి అమ్మకి చెప్పాను. రాదంటమ్మా. అరటిపండుకి రాదంట. అమ్మ డాక్టరమ్మనే చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా అంది:

"సరిగ్గా ఇనిందో ల్యాదో. ఇంగొకసారి అడుగు."

అడిగాను.